జనం లేని చోటు

ఫిబ్రవరి 8, శనివారం

ఈరోజు మళ్లీ నీళ్లలో దిగాను. తను పోయాక ఇదే మొదటిసారి.

పొరపాటు చేశాను. శనివారం పూట ఊరి బీచ్‌కి వెళ్లకూడదు. నీళ్ల కంటే మనుషులే ఎక్కువున్నారు. ఒక పక్క ఎర్ర చొక్కాల సర్ఫ్ స్కూలు, ఇంకో పక్క పసుపు చొక్కాల స్కూలు, మధ్యలో మోకాటి లోతు నీళ్లలో సెల్ఫీలు తీసుకునేవాళ్లు. ఒక్కో అలకి ఆరేడుగురు బోర్డుల మీద లేస్తారు. ఆరేడుగురూ ఒకరి మీద ఒకరు పడతారు. లేచి నవ్వుకుంటారు. ఒకతని బోర్డు ముక్కు నా పక్కటెముకల్లో గుచ్చుకుంది. సారీ అంకుల్ అన్నాడు.

అది భరించవచ్చు. పరామర్శ భరించలేకపోయాను. అలలు విరిగే చోటుకి అవతల బోర్డు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాను. ఒకాయన చేతులతో నీళ్లు తోసుకుంటూ పక్కకి వచ్చి ఆగాడు. విన్నాను సార్, చాలా మంచావిడ అన్నాడు. ఆయన కదలగానే ఇంకొకాయన. ఆయన వెనక ఒక జంట. నీళ్లలో క్యూ కట్టారు. ఇంటి దగ్గరైతే తలుపు వేసుకోవచ్చు. ఇక్కడ ఏం వేసుకోను?

ఒక్క అల కూడా పట్టకుండా ఒడ్డుకొచ్చాను.

ఇక మా చోటుకే వెళ్తాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వెళ్లలేదు. బోర్డుకి టార్పాలిన్ చుట్టడానికి ఇద్దరు కావాలి.

ఫిబ్రవరి 11, మంగళవారం

సాయంత్రం బెల్ మోగింది. తెలియని మనిషి. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. భుజం పట్టేసింది సార్, మేడమ్ గారున్నారా అన్నాడు. లేరన్నాను. ఎప్పుడొస్తారు అన్నాడు. రారన్నాను. ఊరెళ్లారా అన్నాడు. అవునన్నాను. అయితే వచ్చే వారం రమ్మంటారా అన్నాడు.

తలుపు వేశాను. గట్టిగా వేశాను.

తను ఫిజియోథెరపిస్టు. పగలు క్లినిక్‌లో పని. ఆ క్లినిక్‌లోనే, పని మధ్యలో, తలలో నరం చిట్లింది. సాయంత్రాలు ఇంట్లోనే, హాల్లో ఒక పొడుగాటి బల్ల వేసి, ఈ ఊళ్లో సర్ఫింగ్ చేసే ప్రతివాడి భుజమూ చూసేది. ఏమీ తీసుకునేది కాదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా సోఫాలో ఎవడో ఒకడు చొక్కా విప్పుకుని కూర్చుని ఉండేవాడు. ఇది ఇల్లా, ధర్మాసుపత్రా అని ఎన్నోసార్లు అడిగాను. టీ పెట్టనా అనేది. ప్రతిసారీ అదే జవాబు.

ఫిబ్రవరి 13, గురువారం

ఆఫీసు. నీటి సరఫరా విభాగంలో నా పని పైపుల లీకులు కనిపెట్టడం. రోడ్డు మీద ఇనుప కడ్డీ ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని వింటాం. అడుగున నీళ్లు కారుతుంటే సన్నటి ఈల వినబడుతుంది. ఇవాళ మార్కెట్ వీధిలో వింటుంటే పక్కన ఇద్దరు, పాపం ఈయనే, మొన్న భార్య పోయింది, అని చెప్పుకుంటున్నారు. ఈల వినబడలేదు. కాసేపు నోరు మూస్తారా అన్నాను. మూశారు.

సాయంత్రానికి కబురు ఆఫీసు చేరింది. బాస్ పిలిచి కొన్నాళ్లు సెలవు పెట్టకూడదా అన్నాడు. ఇంట్లో కూర్చుని ఏం చేయమంటారు అన్నాను. ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 15, శనివారం

బావమరిది వచ్చాడు. తన తమ్ముడు. ఆ ఎర్ర చొక్కాల స్కూలు వీడిదే.

అందరూ పాడిల్ అవుట్ చేద్దామంటున్నారు బావా అన్నాడు. సర్ఫింగ్ చేసేవాళ్లలో ఇదొక పద్ధతి. మనలో ఎవరైనా పోతే అందరూ బోర్డుల మీద లోపలికి వెళ్లి, గుండ్రంగా కూర్చుని, చేతులు పట్టుకుని, పోయినవాళ్ల పేరు గట్టిగా పిలిచి నీళ్లు చల్లుతారు. ఇద్దరు ముగ్గురికి నేనూ చేశాను.

చేసుకోండి అన్నాను.

ఎక్కడనేదే తేలడం లేదు బావా అన్నాడు. ఊరి బీచ్‌లో చేస్తే మోటారు బోట్ల రొద, మైకులు. అక్కకి ఇష్టమైన చోట చేస్తే బాగుంటుంది కదా అన్నాడు.

ఏ చోటు అన్నాను.

వాడు టీ కప్పులోకి చూశాడు. ఏమో బావా, నీకే తెలియాలి అన్నాడు.

నాకేం తెలియదు, ఊరి బీచ్‌లో చేయండి, లేదా మానేయండి అన్నాను.

సరే బావా, నీ ఇష్టం అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, అన్నం తింటున్నావా అన్నాడు. నీకెందుకు అన్నాను. మొహం అటు తిప్పుకున్నాడు. వాళ్లమ్మ పోతే వీణ్ణి తనే పెంచింది. నాకు తెలుసు. అయినా జాలి కలగలేదు. వీడికి మా చోటు మీద కన్నుంది. చెప్పానంటే వారం తిరగకుండా అక్కడ ఎర్ర చొక్కాలు ఆరేస్తాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం. ఉదయం

వెళ్తున్నాను. టార్పాలిన్ ఒక్కణ్ణే చుట్టాను. పైపులా లేదు. శవంలా ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం

మా చోటు గురించి ఎక్కడా రాయకూడదనేది మా మొదటి నియమం. నియమం పెట్టుకున్న ఇద్దరిలో ఒకరు లేరు. రాస్తాను.

ఊరు దాటాక మూతపడిన చేపల ఫ్యాక్టరీ ఉంది. అది నడుస్తున్న రోజుల్లో సముద్రం నుంచి నీళ్లు లాగడానికి పెద్ద పైపు వేశారు. అది ఎంతవరకు పాడైందో చూసి రమ్మని ఆఫీసు నన్ను పంపింది. రాళ్ల మీదుగా దిగి చూశాను. పైపు మీద కప్పిన కాంక్రీటు దిమ్మ నీళ్లలోకి చాలా దూరం వెళ్లింది. దాని పక్కన ఏళ్ల తరబడి ఇసుక మేట వేసింది. ఆ మేట మీద అల ఒక కొసన విరగడం మొదలుపెట్టి, ఎవరో పుస్తకం పేజీ తాపీగా తిప్పుతున్నట్టు, కుడివైపుకి వరసగా విచ్చుకుంటూ ఒడ్డు దాకా వస్తోంది. దాని వెనక ఇంకొకటి. ఒక్క మనిషి లేడు. ఊరి బీచ్‌లో గంటసేపు కొట్టుకుంటే దొరికే అల ఇక్కడ నిమిషానికొకటి ఊరికే పోతోంది.

రిపోర్టులో పైపు పాడైందని రాశాను. అల గురించి రాయలేదు. ఇంటికెళ్లి చెప్తే తను చేతికున్న పిండి కూడా కడుక్కోకుండా కారెక్కింది.

ఆ తర్వాత పదకొండేళ్లు. ఎవరికీ తెలియనివ్వలేదు. కారు ఫ్యాక్టరీ దగ్గర ఆపం. ఇవతల లారీల షెడ్డు వెనక ఆపి నడుస్తాం. బోర్డులకి టార్పాలిన్ చుడతాం, చూసేవాళ్లు ఆఫీసు పైపులనుకోవాలి. ఫోన్లో ఆ చోటుని డెంటిస్ట్ అంటాం. పన్ను సలుపుతోందా అంటే అలలు బాగున్నాయా అని అర్థం. మూడో ఏడాది అనుకుంటా, రోడ్డు మలుపులో ఎవరో డిపార్ట్‌మెంటు వాళ్లు బోర్డు పాతారు. ప్రమాదం, బండరాళ్లు, ఈత నిషేధం. ప్రభుత్వం మనకి చేసిన ఒకే ఒక మేలు అన్నాను. తను కారులో ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఇవాళ అలలు అద్భుతంగా ఉన్నాయి. చూసి ఒళ్లు మండింది. ఏం చూసుకుని ఇంత బాగున్నాయి?

దిగే దారిలో నాచు పట్టిన పెద్ద బండ ఒకటుంది. అక్కడ తాడు కనబడింది. కొత్త నీలం నైలాను తాడు. పై బండలో ఇనుప రింగు దిగ్గొట్టి, చేతికి పట్టు దొరికేలా అక్కడక్కడ ముడులు వేసి, కిందిదాకా వదిలారు. మాది కాదు.

ఎవడో కనిపెట్టాడు. కనిపెట్టడమే కాదు, కాపురానికి సిద్ధమయ్యాడు.

నీళ్లలో దిగలేదు. కారులోంచి కత్తి తెచ్చి ముడి ముడికీ కోశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

తనకి చెప్పాలనిపించింది. డెంటిస్ట్ దగ్గర ఎవరో ఉన్నారని.

ఫిబ్రవరి 22, శనివారం. మధ్యాహ్నం

పొద్దున్నే మళ్లీ వెళ్లి ఆ రింగు చూశాను. వారమంతా దాని గురించే ఆలోచించాను. రింగు చుట్టూ సిమెంటు లేదు. పసుపు రంగు రెజిన్ ఉంది. విరిగిన సర్ఫ్ బోర్డులు అతికేది దానితోనే. ఈ ఊళ్లో ఆ రంగు రెజిన్ కలిపే మనిషి ఒక్కడే.

జిగురు. నా చిన్నప్పటి స్నేహితుడు. ఒకటో క్లాసు నుంచీ ఒరేయ్ అనుకుంటున్నాం. అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో.

తాడు ముక్కలు సంచిలో వేసుకుని వాడి బోర్డుల షెడ్డుకి వెళ్లాను. మూతికి మాస్కు కట్టుకుని గరుకు కాగితంతో బోర్డు రుద్దుతున్నాడు. ఒళ్లంతా తెల్లటి పొడి. సంచి వాడి బల్ల మీద బోర్లించాను. ఏంటిది అన్నాను. మాస్కు కిందికి లాగి, తాడు అన్నాడు. ఎవరిది అన్నాను. నాదే అన్నాడు. మా చోటులో నీకేం పనిరా అన్నాను.

వాడు ఒక ముక్క తీసి కొస చూశాడు. కోశావా అన్నాడు. ఒరేయ్, నిజంగా కోశావా? రెండు పూటలు ఎండలో మాడి కట్టానురా వెధవా, నీ మోకాలి కోసం!

నా మోకాలికేమైంది అన్నాను.

అది నీకొక్కడికే తెలియదు అన్నాడు.

తనే అడిగిందట. ఆ బండ దిగేటప్పుడు ఈయనకి మోకాలు వణుకుతోంది అన్నయ్యా, చెప్తే ఒప్పుకోడు, చెయ్యిస్తే పట్టుకోడు, ఒక తాడు కట్టు, అయితే గవర్నమెంటు వాళ్లు కట్టినట్టుండాలి, నీ పనితనం చూపించకు, అందట. వీడు రేపు, ఎల్లుండి అని లాగాడు. ఈలోగా తను పోయింది. పోయాక వెళ్లి కట్టాడు. చెల్లెమ్మ నన్ను అడిగింది ఒకే ఒక్క పనిరా, అదీ ఉండగా చేయలేకపోయాను అన్నాడు. పొడి పట్టిన మొహం మీద చారలు పడ్డాయి.

నా చెవికి అవేవీ ఎక్కలేదు. అంటే తను నీకు ఆ చోటు చెప్పిందన్నమాట, అన్నాను.

వాడు ముక్కు తుడుచుకుని నన్ను వింతగా చూశాడు. నాకు చెప్పడమేంట్రా, అందరికీ తెలుసు అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

అందరికీ తెలుసు.

రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

మొదటి ఏడాదే తెలిసిపోయిందట. ఈయన వారం వారం టార్పాలిన్ చుట్టి పైపులు ఎక్కడికి తీసుకెళ్తాడ్రా, అదీ ఆదివారం, అదీ పెళ్లాన్ని వేసుకుని, అని ఎవడికో అనుమానం వచ్చి వెనకే వచ్చాడట. మర్నాటికి బోర్డున్న ప్రతివాడికీ తెలుసు. వచ్చే ఆదివారం అందరూ దండెత్తాలనుకున్నారట. తను ఆ ముందురోజే జిగురు షెడ్డుకి వెళ్లి అందర్నీ కూర్చోబెట్టింది. జిగురు ఆ మాటలు ఇప్పటికీ అప్పజెప్పగలడు. మా ఆయనకి జనం పడదు. బీచ్‌లో ఎవరైనా అలకి అడ్డం వస్తే వారమంతా ఇంట్లో మాట్లాడడు. ఆ మొహం చూస్తూ అన్నం వడ్డించాల్సింది నేను, మీరు కాదు. ఆ చోటు ఆయనకి వదిలేయండి. మీ భుజాలు, మెడలు, నడుములు నేను చూసుకుంటాను, నా చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్లు.

బేరం కుదిరింది. ఒక్కడు తప్పలేదు. రోడ్డు మలుపులో ప్రమాదం బోర్డు రాసి పాతింది మా బావమరిది. స్కూలుకి కొత్తగా వచ్చినవాళ్లకి అటు బండరాళ్లున్నాయి, తలలు పగులుతాయి అని చెప్పేదీ వాడే.

పదకొండేళ్లు నా సోఫాలో చొక్కా విప్పుకుని కూర్చున్న ప్రతివాడూ అద్దె వసూలు చేసుకుంటున్నాడు. అలిసిపోయి క్లినిక్ నుంచి వచ్చి తను నిలబడి కడుతోంది. నేను వాళ్లని దాటుకుని లోపలికి పోయి ధర్మాసుపత్రి అని గొణుక్కున్నాను.

అది కూడా మింగుతాను. ఇంకొకటి మింగుడు పడడం లేదు. లారీల షెడ్డు వెనక ప్రతి ఆదివారం తను టార్పాలిన్ రెండో కొస పట్టుకునేది. ఎవరైనా చూస్తున్నారేమో చూడు అనేవాణ్ణి. మెడ సాచి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరండీ అనేది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అబద్ధాల కోరు.

ఫిబ్రవరి 26, బుధవారం

హాల్లో బల్ల తీసి వరండాలో పడేశాను. సాయంత్రం మబ్బు పట్టింది. తడుస్తుందని మళ్లీ లోపల పెట్టాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పంక్చర్ షాపువాడు నన్ను చూసి నవ్వాడు. ఆగి, ఎందుకు నవ్వావు అన్నాను. గుడ్ మార్నింగ్ సార్ అన్నాడు. వాడికీ బోర్డుంది. వాడి ఎడమ భుజం ఏడాది పాటు మా హాల్లోనే ఉంది. మందుల షాపు ఆవిడ, స్కూలు బస్సు డ్రైవరు, బ్యాంకులో ఎత్తు పళ్ల క్యాషియరు. లెక్కపెట్టడం మానేశాను. నేను కారు మీద పైపులు వేసుకుని గంభీరంగా పోతుంటే ఈ వీధి మొత్తం పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

నన్ను చిన్నపిల్లాణ్ణి చేసింది. చేసి, ఇంతమంది మధ్యలో వదిలేసింది.

మార్చి 1, శనివారం

బావమరిది స్కూలుకి వెళ్లాను. ఇసుకలో బోర్డులు పరిచి, వాటి మీద పిల్లల్ని బోర్లా పడుకోబెట్టి, లేచి నిలబడడం నేర్పిస్తున్నాడు. అందరి ముందే అడిగాను. మీ అక్క నన్ను చూసి నవ్వేదా?

పిల్లలు తలలెత్తారు. మీరు అలాగే పడుకోండి, నేను చెప్పేదాకా లేవకండి అని వాళ్లకి చెప్పి, నన్ను గొడుగు కిందికి తీసుకెళ్లాడు.

జిగురన్న చెప్పేశాడా అన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పు అన్నాను.

నవ్వేది బావా అన్నాడు. నవ్వకుండా ఎలా ఉంటుంది చెప్పు? నువ్వు ఆఫీసు నుంచి ఫోన్ చేసి పన్ను సలుపుతోందా అని గుసగుసగా అడిగితే, ఇక్కడ అక్క స్పీకర్ ఆన్ చేసి నోరు మూసుకుని ఊగిపోయేది. పక్కన నేనూ ఉండేవాణ్ణి. అయితే ఒకటి. ఒకడెవడో నీ నడక నడిచి చూపించాడు ఒకసారి, మీ హాల్లోనే. అక్క వాడి భుజం మీద చెయ్యి వేసి ఎక్కడో నొక్కింది. వాడు గావుకేక పెట్టి కింద కూలబడ్డాడు. ఆయన్ని చూసి నవ్వే హక్కు నాది, నువ్వెవడివిరా అంది.

పిల్లలు ఎండలో బోర్లా పడుకునే ఉన్నారు.

ఇప్పుడేం చేద్దాం బావా అన్నాడు. అటు వెళ్తామని కొత్తవాళ్లు ఊరుకోవడం లేదు. పాతవాళ్లు మాత్రం మాటంటే మాటే అంటున్నారు. నువ్వున్నంతకాలం అటు ఎవరూ రారు, నాది పూచీ అన్నాడు.

వాడు మంచి కబురు చెప్తున్నాననుకున్నాడు. అద్దె కట్టే మనిషి పోయింది. అంటే ఇక నుంచి ఊరు నన్ను ఊరికే పోషిస్తుందన్నమాట. జాలి తలచి.

పాడిల్ అవుట్ అక్కడే అన్నాను. వచ్చే ఆదివారం. అందర్నీ పిలువు. పసుపు చొక్కాల వాళ్లతో సహా.

బావా, ఆలోచించుకో అన్నాడు. ఆ నీళ్లలో ఒకసారి దిగినవాడు మళ్లీ రాకుండా ఉండడు. ఆ చోటు పోతుంది.

పోనీ అన్నాను.

కోపంలో అంటున్నావు అన్నాడు.

అవును, కోపంలోనే అంటున్నాను, కోపం తగ్గితే అనను, అందుకని ఇప్పుడే పిలువు, అన్నాను.

మార్చి 2, ఆదివారం

గడ్డపార పట్టుకెళ్లి ప్రమాదం బోర్డు పీకేశాను. లోతుగా పాతాడు వెధవ. చెమటలు కక్కుతుంటే ఒక లారీ డ్రైవరు ఆపి, డిపార్ట్‌మెంటా సార్ అన్నాడు. అవునన్నాను. పెట్టడం ఎందుకు, పీకడం ఎందుకు, మీకు పనేం లేదా అన్నాడు.

మార్చి 6, గురువారం

అంతమంది ఆ నాచు బండ మీదుగా దిగాలి. జిగురూ నేనూ కలిసి కొత్త తాడు కట్టాం. ముడులు దగ్గర దగ్గరగా వేయమన్నాను. నీకు పైపులు తెలుసు, తాళ్లు తెలియవు, నోరు మూసుకుని పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. అయ్యాక, దిగి చూడు అన్నాడు. దిగాను. మోకాలు వణికింది. వాడు అటు తిరిగి సిగరెట్ వెలిగించుకున్నాడు.

మార్చి 9, ఆదివారం

అయిపోయింది. వరసగా రాయలేను, అయినా రాస్తాను.

తెల్లారకముందే కార్లు మొదలయ్యాయి. లారీల షెడ్డు దగ్గర ఒక్కడూ ఆపలేదు, తిన్నగా ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేశారు. బోర్డులు చంకల్లో పెట్టుకుని, ఎవరికీ భయపడకుండా, మాట్లాడుకుంటూ. దారి ఎవరికీ చెప్పనక్కరలేదు. ఎక్కడ వంగాలో, ఎక్కడ ముళ్లున్నాయో అందరికీ తెలుసు. ఎన్నిసార్లు వచ్చి పైనుంచి చూసి వెళ్లారో.

ఆ భుజం పట్టేసినాయన కూడా వచ్చాడు. చెయ్యి మెడకి కట్టుకున్నాడు, బోర్డు లేదు. సార్, ఆ రోజు నాకు నిజంగా తెలియదు అన్నాడు. తలుపు గట్టిగా వేశాను అన్నాను. అవును సార్, పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చారు అన్నాడు.

అందరి వెనకా నీళ్లలో దిగాను. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోస్తూ పోతుంటే ఎదురుగా కనిపించేది ముందువాళ్ల వీపులే. భుజాలు. లేస్తున్నాయి, దిగుతున్నాయి. పంక్చర్ షాపువాడి ఎడమ భుజం కాస్త ఆగి తిరుగుతుంది. క్యాషియరు కుడి భుజం ఎత్తేటప్పుడు మెడ పక్కకి వంచుతాడు. ఒక్కో దాని మీదా తన వేళ్లు ఎన్ని సాయంత్రాలు పడ్డాయో. ఒక సముద్రం నిండా తను బాగుచేసిన భుజాలు. వాటి వెనక నేను. నా భుజాలు ఎప్పుడూ నొప్పి పెట్టలేదు. లేదా పెట్టక ముందే చూసేదేమో.

గుండ్రంగా కూర్చున్నాం. కుడి చెయ్యి బావమరిది పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి పసుపు చొక్కా అమ్మాయి ఎవరో. నన్ను మాట్లాడమన్నారు. ఎవరూ లేరండీ అని పదకొండేళ్లు నాతో అబద్ధం చెప్పింది, అన్నాను. కొందరు నవ్వబోయి ఆగారు. బావమరిది చెయ్యి నొక్కాడు. తర్వాత అందరూ పేరు పిలిచి నీళ్లు చల్లారు. మూడుసార్లు పిలిచారు. నేను పిలవలేదు.

పద్ధతి ప్రకారం ఆ తర్వాత అందరూ తలో అల పట్టుకుని ఒడ్డుకి రావాలి. వెనక నుంచి అలల మంచి వరస వస్తోంది. ఈ ఏడాదికే మంచి వరస. నేను ఎవరు ముందు వెళ్తారా అని చూస్తున్నాను. ఒక్కడూ కదలలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. మెల్లగా బోర్డులు తిప్పుకుని, అల లేని పక్క నుంచి, కాంక్రీటు దిమ్మ వారనే ఒడ్డుకి వెళ్లిపోయారు. అందరూ. బావమరిది చివర వెళ్లాడు, వెనక్కి చూడకుండా. రాళ్లెక్కి వరసగా కూర్చున్నారు.

నీళ్లలో నేనొక్కణ్ణే. అలలన్నీ నావి. మాట నిలబెట్టుకుంటున్నారు.

నాకు ఏమైందో తెలియదు. అరిచాను. పేర్లు తెలిసినవాళ్లని పేరు పెట్టి తిట్టాను. తెలియనివాళ్లని చొక్కా రంగు పెట్టి తిట్టాను. నోట్లోంచి వచ్చినవన్నీ ఇక్కడ రాయను, ఇంట్లో ఎప్పుడూ వాడని మాటలు. పెళ్లాం పోయినవాణ్ణిరా, కుంటివాణ్ణి కాదు అన్నాను. ఎవడిక్కావాలిరా మీ దానం అన్నాను. ఆవిడ చచ్చిపోయింది, బేరం అయిపోయింది, దిగండి అన్నాను.

చచ్చిపోయింది. ఆ మాట ఇన్నాళ్లూ నేను అనలేదు. పోయింది అన్నాను, లేదు అన్నాను, ఊరెళ్లింది అన్నాను. చచ్చిపోయింది అని సముద్రంలో కూర్చుని గొంతు చించుకుని అరిచాను. ఒడ్డున ఒక్కడూ కదలలేదు. మళ్లీ అరిచాను. మూడోసారి గొంతు రాలేదు.

ముందు జిగురు లేచాడు. వినబడిందిలేరా, చెవుడు లేదు మాకు అని అరుస్తూ నీళ్లలో దూకాడు. వాడి వెనక క్యాషియరు. ఆ తర్వాత ఎవరెవరో నాకు తెలియదు, రాళ్ల మీది నుంచి బోర్డులు వానలా పడ్డాయి. పావుగంటలో ఊరి బీచ్ ఇక్కడికొచ్చింది. నేను ఒక మంచి అల మీద లేచాను. సగం దాకా వచ్చాక జిగురు అడ్డం వచ్చాడు. ఇద్దరం పడ్డాం. నీళ్లు మింగాను. వాడు తేలి, దగ్గుతూ, కళ్లు నెత్తికెక్కాయా అన్నాడు. వాడిదే తప్పు.

మార్చి 10, సోమవారం

గొంతు పూర్తిగా పోయింది. ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. లీకు ఒకటి దొరికింది.

మార్చి 15, శనివారం

ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్లకి చోటు లేదు. ఒకడు పాటల డబ్బా తెచ్చి రాతి మీద పెట్టాడు. అది నీళ్లలో పడిపోయింది. ఎలా పడిందో నాకు తెలియదు.

మార్చి 23, ఆదివారం

ఒక అలకి ఐదుగురు. ఆరోవాణ్ణి నేను. కొత్త కుర్రాడెవడో, పక్కకి జరుగు ముసలాయనా అన్నాడు. నేనెవరో వాడికి తెలియదు. వాడి వెనకే వెళ్లి తర్వాతి అల లాక్కున్నాను. వాడు తిట్టిన తిట్లు ఒడ్డు దాకా వినబడ్డాయి.

ఆ చోటు పోయింది. పోగొట్టింది నేనే. ఇంటికొచ్చి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడడానికి ఎవరూ లేరు, అది వేరే సంగతి. ఉన్నా మాట్లాడేవాణ్ణి కాదు. అన్నం వడ్డించుకుని నా మొహం నేనే చూసుకుంటూ తిన్నాను, కిటికీ అద్దంలో. నిజమే. భరించడం కష్టం.

ఏప్రిల్ 6, ఆదివారం

బీచ్ రోడ్డు మీద ఒక కారు నా పక్కన ఆగింది. పైన రెండు బోర్డులు. నడిపేవాడు అద్దం దించి, ఇక్కడికి దగ్గర్లో జనం లేని చోటేమైనా ఉందా సార్ అని అడిగాడు.

మీ ఆవిడని అడుగు అన్నాను.

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి అద్దం ఎత్తేశాడు. పక్క సీట్లో ఆవిడ మాత్రం, కారు మలుపు తిరిగేదాకా, తల వెనక్కి తిప్పి నన్నే చూసింది.